ఒడలికి ఒదిగిన బండి

కొత్త మోటారు సైకిలు కొనుటకై షోరూములో అడుగిడిన గృహస్థు, లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడుచునని అడుగును. ఏయే రంగులు కలవని అడుగును. పాత బండికి ఎంత విలువ కట్టెదరని, నెలసరి వాయిదా ఎంత పడునని, మంచి ముహూర్తమునకు బండి చేతికి అందునా యని, చక్రముల క్రింద పెట్టుటకు నిమ్మకాయలు మీరే తెత్తురా యని కూడ అడుగును గాని, ఈ యంత్రము మీద దినమునకు రెండు మూడు గంటలు కూర్చుండవలసిన నాకు కాళ్ళు నేలకు అందునా, చేతులు చాలునా, నడుము దీనికి ఓర్చునా యని మాత్రము అడుగడు. అమ్మువాడును ఆ ఊసెత్తడు. పాదరక్షలు కొనునపుడు కొలత చూచుకొని, నాలుగడుగులు నడిచి, బొటనవ్రేలు నొక్కుకొనుచున్నదేమో పరీక్షించి గాని డబ్బు చెల్లింపని మనము, వాని కంటె నూరింతల వెలగల వాహనమును ఎట్లున్నదానిని అట్లే అంగీకరించి, పదేండ్ల పాటు దానికి మన ఒడలిని అలవాటు చేసికొనుచున్నాము.

ఈ వాడుక మారవలెను. బండిని నడుపువాని దేహమునకు అనువుగా సవరించుట విలాసము కాదనియు, అది వాహనమును కొనుటలోనే చేరిన పని యనియు, దానికి తయారీదారులును రవాణాశాఖవారును దారి చూపవలసి యున్నదనియు నా అభిప్రాయము. మోటారు సైకిలును మార్పించుట యనగానే మనవారికి స్ఫురించునది వీధి వీధిని అదరగొట్టు సైలెన్సరును, కన్నులు మిరుమిట్లు గొలుపు దీపమును, నంబరు కనబడనీయక పైకి ముడిచిన నంబరు ప్లేటును. వానికిని ఈ వ్యాసమునకును సంబంధము లేదు. మన దేశమున నమోదైన వాహనములలో నాలుగింట మూడు వంతులు ద్విచక్రవాహనములే. వానిపై పోవువారిలో వేగమునకై వెఱ్ఱెత్తిన కుర్రకారు స్వల్పము. అటునిటు పాలక్యానులు కట్టుకొని తెల్లవారకముందే బయలుదేరు పాలవాడు, మండల కేంద్రము నుండి ఆవలి పల్లె బడికి పోవు ఉపాధ్యాయుడు, మందుల సంచితో డాక్టరు నుండి డాక్టరుకు తిరుగు మెడికల్ రెప్రజెంటేటివు, నడిరేయి బిర్యానీ పొట్లము చల్లారకముందే చేర్పవలసిన డెలివరీ కుర్రవాడు — వీరు మిక్కుటము. వీరికి బండి షికారు సాధనము కాదు, పనిచేయు చోటు. కచేరీలో గుమాస్తా కుర్చీ కాలు విఱిగినచో అర్జీ వ్రాయుదుము. వీరి సీటు రెండేండ్ల క్రిందటనే అడుగంటిపోయినను అర్జీ ఎవరికి వ్రాయవలెనో వీరికి తెలియదు.

2022వ సంవత్సరమున మన రహదారులపై 1,68,491 మంది మరణించిరనియు, అందు ద్విచక్రవాహనములపై పోవుచుండినవారే 44.5 శాతమనియు కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక చెప్పుచున్నది. వేగము, మద్యము, హెల్మెట్టు లేమి, గుంతలు — ప్రధాన కారణములు ఇవియే, కాదనను. అయినను చేయి తిమ్మిరెక్కినవాడు బ్రేకు లీవరును అందుకొనుటలో ఆలస్యము చేయుననియు, నడుము నొప్పితో అటునిటు జరుగుచున్నవాని దృష్టి దారిమీద నిలువదనియు తెలిసికొనుటకు నివేదికలు అక్కరలేదు.

చరిత్రయు నా పక్షముననే ఉన్నది. 1885లో జర్మనీ దేశమున గాట్లీబ్ డైమ్లరు నిర్మించిన, లోకమునకు మొట్టమొదటిదిగా చెప్పబడు మోటారు సైకిలుకు చట్రమును కొయ్యయే, చక్రములును కొయ్యయే. ఆసనము క్రిందనే ఇంజను. డైమ్లరు కుమారుడు దానినెక్కి తొలి ప్రయాణము చేయగా, ఇంజనును వెలిగించు నాళము ఎఱ్ఱగా కాగి యుండుటచే ఆసనము అంటుకొన్నదట. నాటి నుండి నేటి వరకు ఈ యంత్రము పొందిన పరిణామమంతయు, ఒక విధముగా చూచినచో, కూర్చున్నవానిని ఆ మంటకు దూరముగా జరుపు యత్నమే. 1935లో బీఎండబ్ల్యూవారు తమ ఆర్ 12 బండికి నూనెతో పనిచేయు ముందు ఫోర్కులు పెట్టిరి. 1955 నుండి మద్రాసులో కూర్పబడి మనకు స్వదేశీ బండి యంత చేరువైన బుల్లెట్టు, 1949లో ఇంగ్లండునందే వెనుక చక్రమునకు స్వింగ్ ఆర్మును, షాకబ్జార్బర్లను తెచ్చుకొన్నది. హార్లీ డేవిడ్‌సన్ పెద్దబండ్లపై తిరుగు అమెరికావారు వెనుక స్ప్రింగులకై 1958 దాక వేచియుండవలసి వచ్చినది.

ఇంతకంటె బోధకమైనది గోల్డ్‌వింగ్ కథ. 1975లో హోండా సంస్థ దూరప్రయాణములకై విడుదల చేసిన ఆ భారీ వాహనమునకు గాలితెర లేదు. గాలి యొత్తిడి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును గనుక, గంటకు నలుబది కిలోమీటర్ల వేగమున రొమ్మునకు తగులు గాలి ఎనుబదిలో నాలుగింతలగును; వందల మైళ్ళు దానిని ఎదుర్కొనుచు పోవువాని మెడ, భుజములు ఏమగునో ఊహింపవచ్చును. అందుచే అమెరికాలోని ప్రయాణికులు, క్రెయిగ్ వెట్టర్ అను రూపశిల్పి తయారుచేసి అమ్ముచుండిన విండ్‌జామర్ అను తెరను కొని, తామే బిగించుకొనసాగిరి. చూచి చూచి 1980లో హోండాయే, ఇంటర్‌స్టేట్ అను పేర, తెరతో కూడిన బండిని కర్మాగారము నుండి పంపినది. నడుపువాడు చేసికొన్న సవరణ నుండి తయారీదారు పాఠము నేర్చుటకు ఇంతకు మించిన దృష్టాంతము నాకు కనబడలేదు.

కర్మాగారము ఒక్క కొలతతో లక్షల బండ్లను తీయును; అది దాని ధర్మము. మన వీధులలో ఎటుచూచినను కనబడు స్ప్లెండరు సీటు నేల నుండి 785 మిల్లీమీటర్ల ఎత్తుననున్నది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు 805. అయిదడుగుల మనిషికిని, ఆరడుగుల మనిషికిని ఇదియే ఎత్తు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో, ప్రామాణిక భారతీయ పురుషుని బరువును 60 కిలోల నుండి 65కు సవరించి, స్త్రీ బరువును 55 కిలోలుగా నిర్ణయించినది. అది ఆహారమునకు సంబంధించిన లెక్క; కాని మన బండి స్ప్రింగు ఆ 55 కిలోల స్త్రీ ఒంటరిగా ఆఫీసుకు పోవునపుడును, ఆ సాయంకాలమే ఆమె భర్త ఆమెను, బిడ్డను, ఇరువదియైదు కిలోల బియ్యపు బస్తాను ఎక్కించుకొని వచ్చునపుడును ఒకే తీరున పనిచేయవలెను. పుష్పక విమానమున ఎందరెక్కినను ఇంకొకరికి చోటుండునని పురాణము చెప్పినది. మనవారు నూరు సీసీల బండిని ఎన్నడో ఆ కోవకు చేర్చిరి.

నడుపువానిని బండి మూడు చోట్ల మాత్రమే తాకును: అరచేతులు, పిరుదులు, పాదములు. మోకాలు ఎంత ముడుచుకొనవలెనో, వెన్ను ఎంత వంగవలెనో, దేహభారము మణికట్టుపై ఎంత పడవలెనో నిర్ణయించునది ఈ మూడింటి నడుమగల దూరములును కోణములునే గాని బండి ధర కాదు. హ్యాండిలు దూరమైనచో మనిషి ముందునకు వ్రాలును. వ్రాలిన దేహమును అరచేతులు మోయును. అరచేతి మొదట నొక్కుడుపడి చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు మొద్దుబారును. కాళ్ళు పెట్టుకొను ఫుట్‌రెస్టు వెనుకకును పైకిని ఉన్నచో మోకాలు బిగిసిపోవును. కారణము ఒకచోట, నొప్పి మఱియొకచోట. మెడనొప్పికి సీటు మార్పించి, సీటుతో తీరవలసిన బాధకు హ్యాండిలు మార్పించి, రెండు విధముల నష్టపోవువారు ఇందుచేతనే కలుగుచున్నారు.

ఇట్లు ధనవ్యయము చేయుటకు ముందు, ఒక్క కాసు ఖర్చు లేని సవరణలు కొన్ని కలవు. వానిని చాలమంది ఎరుగకపోవుట నాకు వింత. హ్యాండిలును పట్టియుంచు బోల్టులను సడలించి దానిని కొంచెము వెనుకకు త్రిప్పుకొనవచ్చును. క్లచ్, బ్రేకు లీవర్లు కర్మాగారమున ఎచ్చట బిగింపబడెనో అచ్చటనే ఉండి తీరవలెనను నియమము లేదు. సీటుపై కూర్చుండి చేయి చాచినపుడు ముంజేయి, మణికట్టు, వ్రేళ్ళు ఒకే వరుసలో నుండునంత వరకు వానిని క్రిందికి వంచుకొన్నచో, ట్రాఫిక్కులో వందలమారులు క్లచ్ నొక్కువాని సాయంకాలపు మణికట్టు నొప్పి సగము తగ్గును. బ్రేకు పెడలు ఎత్తును, గేరు లీవరు కోణమును పాదమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. టైరులో గాలి, కంపెనీవారు బండిపై అతికించిన పట్టికలో చెప్పినంత ఉన్నదా యని చూచుకొనవలెను. పంక్చరు కొట్టులో చేతి అంచనాతో రాయివలె బిగించిన టైరు, దారిలోని ప్రతి గులకరాతిని వెన్నెముకకు విన్నవించును.

వెనుక షాకబ్జార్బరు సంగతి వేరుగా చెప్పదగినది. మన సామాన్యపు బండ్లలో పెక్కింటికి అది అయిదు మెట్లలో సవరించుకొనదగియుండును. అందుకు కావలసిన కొక్కెపు స్పానరు ఖరీదు లెక్కపెట్టదగినది కాదు. మెట్టు పెంచినచో స్ప్రింగు గట్టిపడునని మెకానిక్కులు కూడ అనుచుందురు గాని, స్ప్రింగు గట్టిదనము మారదు. అది ముందుగానే కొంత అదుముకొని యుండుటచే, బరువెక్కినపుడు బండి వెనుకభాగము మునుపటంత క్రుంగదు. ఒంటరిగా తిరుగువాడు పై మెట్టులో నుంచుకొన్నచో ప్రతి గతుకును నడుము భరించును. ఇరువురు ఎక్కునపుడు అడుగు మెట్టులో నున్నచో పెద్ద గుంతలో షాకబ్జార్బరు తుదిదాక పోయి కొట్టుకొనును. ఈ మాటను బండి అప్పగించు దినమున చెప్పుటకు రెండు నిమిషములు చాలును.

ఇక వెలపెట్టి చేయు మార్పులలో జనాదరణ పొందినది హ్యాండిలును ఎత్తు చేయుట. హ్యాండిలు క్రింద ఒకటి రెండంగుళముల లోహపు దిమ్మలు పెట్టి లేపినచో పొడగరులకు వెన్ను నిటారగును; ఇది మంచి సవరణయే. కాని హ్యాండిలుతో పాటు యాక్సిలరేటరు కేబులు, క్లచ్ కేబులు, ముందు బ్రేకు నూనె గొట్టము కూడ పైకి సాగవలెను గదా! కొలతకు మించి సాగిన కేబులు, హ్యాండిలును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పినపుడు తనంతట తానే లాగబడి, ఇంజను వేగమును పెంచును. ఇరుకుసందులో బండి మలుపుకొనుచున్నవానిపై అది ఎంత పని చేయగలదో చెప్పనక్కరలేదు. దిమ్మలు బిగించిన తర్వాత, బండిని స్టాండుపై నిలిపి, ఇంజను నడుచుచుండగా హ్యాండిలును ఈ కొన నుండి ఆ కొనకు త్రిప్పి చూడక అప్పగించు మెకానిక్కు ఎంతటి పేరుమోసినవాడైనను నమ్మదగినవాడు కాడు.

పొట్టివారి కొఱకు బండిని దించుటలో మెలకువ ఇంకను ఎక్కువ కావలెను. షాకబ్జార్బరును కురుచ చేసినచో బండి తిరుగు స్వభావమే మారును; ప్రక్క స్టాండు పూర్వపు పొడవుననే యుండుటచే బండి తగినంత వాలక నిటారుగా నిలిచి, చిన్న తోపునకే ఆవలి ప్రక్కకు కూలును. సీటు స్పాంజిని కోయించుట సులువే గాని, దించిన ప్రతి అంగుళమునకు మోకాలు మఱింత ముడుచుకొనును, ఎముకకును అడుగు రేకునకును నడుమ మెత్తదనము తగ్గును. వెడల్పు టైరు పిచ్చిని గూర్చి ఒక్కమాట: దాని వలన సుఖము రాదు, మైలేజి పోవును.

చేతుల తిమ్మిరికి భంగిమ ఒక్కటియే కాక కంపనము కూడ కారణము. ఒకే సిలిండరులో పైకి క్రిందికి పరుగిడు పిస్టను బండినంతను వణకించును. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియరు బండితో వచ్చిన కొత్త 350 ఇంజనులో ఈ వణకును అణచుటకు బ్యాలెన్సరు ఇరుసును చేర్చిన పిదప, పాత బుల్లెట్టు భక్తులు కొందరు ఆ వణకే పోయినదని చిన్నబుచ్చుకొనిరి! భక్తి వేరు, నరములు వేరు. ఐరోపా సమాఖ్య 2002లో చేసిన ఆదేశము ప్రకారము, పనివాని చేతులకు సోకు కంపనము ఎనిమిది గంటల పనిదినమునకు సగటున సెకనుకు సెకనుకు 2.5 మీటర్ల త్వరణము చేరినచో యజమాని నివారణోపాయములు చేయవలెను. 5 మీటర్లు దాటనేరాదు. మన డెలివరీ కుర్రవాని చేతులకు అట్టి కొలత ఎవరు పట్టిరి? 2023 చివరను తెలంగాణ ప్రభుత్వము గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించినది, హర్షింపదగినదే. అయితే అది పడిపోయిన పిదప అందు సాయము; పడకుండగనే దినదినము అరుగు మణికట్టును, వెన్నుపూసను ఎవరును లెక్కలోనికి తెచ్చుకొనుట లేదు. ఇంజను బోల్టులను బిగించుట, గొలుసు వదులును సరిచేయుట, హ్యాండిలు కొనలకు బరువులు తగిలించుట — ఈ క్రమమున పోయినచో కంపనము చాల వరకు లొంగును.

సీటు విషయమున మనలో ఒక భ్రమ ప్రబలి యున్నది: మెత్తనిది సుఖమైనదని. మనిషి కూర్చున్నపుడు భారమంతయు పిరుదుల క్రిందనున్న రెండు ఎముకల మొనలపై నిలుచును. అతిమెత్తని స్పాంజి ఆ మొనల క్రింద కొలది సేపటిలోనే దిగజారి అడుగంటును. షోరూములో రెండు నిమిషములు కూర్చున్నవానికి హాయి, సూర్యాపేట దాటునప్పటికి శిక్ష. కావలసినది కొంత గట్టిగనుండి, వెడల్పుగా పఱచుకొని, భారమును తొడల వరకు పంచు ఆసనము. మన బండ్లలో పెక్కింటి సీట్లు ట్యాంకు వైపు వాలియుండి, బ్రేకు వేసినప్పుడెల్ల మనిషిని ముందునకు జార్చును. జారినవాడు చేతులతో ఆపుకొనును. కావున చేతినొప్పికి మూలము సీటు వాలులో నుండుటయు కద్దు. హైదరాబాదు పుత్లీబౌలిలోనో, విజయవాడ ఆటోనగరులోనో, ఆ మాటకు వచ్చిన ఏ తాలూకా బస్తీలోనైనను సీట్లు కుట్టు పనివారు కలరు. వారిలో నేర్పరి, మనిషిని బండిపై కూర్చుండబెట్టి, బరువు ఎచ్చట పడుచున్నదో చేతితో తడవి చూచి, పొరలు పొరలుగా వేర్వేరు గట్టిదనముగల స్పాంజిని అతికి, రెగ్జిను కుట్టు ఎముక క్రిందికి రాకుండ కత్తిరించును. అట్టి పనితనమునకు ఏ కంపెనీ సీటును సాటిరాదని నా దృఢవిశ్వాసము. జెల్ దిండ్లను గూర్చి ప్రకటనలు ఘనముగా నున్నవి గాని, రోళ్ళు పగులు రోహిణీ కార్తెలో ఎండను నిలిపిన బండిపై అవి వేడిని దాచుకొని కూర్చున్నవానికి వడ్డించును; వలవంటి గాలియాడు తొడుగు వందల రూపాయలలో లభించి అంతకంటె మేలు చేయును.

వెనుక కూర్చుండువారి ప్రసక్తి లేక ఈ విషయము పూర్తికాదు. చీర కట్టుకొని ఒక ప్రక్కకు కూర్చుండు స్త్రీకి పట్టుకొనుటకు పిడియు, కాలు మోపుటకు ఆధారమును, వెనుక చక్రములో కొంగు చిక్కుకొనకుండ సగము చక్రమునైనను కప్పు రక్షణయు ఉండవలెనని కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 123వది విధించుచున్నది. ఇవి కంపెనీవారే పెట్టి యిత్తురు. బండికి అందము చాలదని వానిని ఊడబెరికించు యువకులున్నారు. వారికి పెండ్లియైన మరుసటి వారమున అదే మెకానిక్కు వద్దకు తిరిగి వచ్చి బిగించుకొనుచుందురు. పిట్టగోడవలె ఎత్తైన చిన్న వెనుక సీటుతో వచ్చు నేటి వేగపు బండ్లను రూపొందించినవారు, దానిపై మనుష్యులు కూర్చుందురని ఊహించిరో లేదో!

చట్టము మాట. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించినవానితో భేదించునట్లు వాహనమును మార్చరాదనుచున్నది. మార్పు అనగా మూలస్వరూపము మారునట్లు నిర్మాణమును మార్చుట యని దానిలోనే వివరణ కలదు. కేరళ నుండి వచ్చిన వ్యాజ్యమున 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధమును దృఢపరచినది. అదే యేటి సవరణచే, అనుమతి లేని భాగములను తగిలించి బండిని మార్చు యజమానికి ఆరు నెలల వరకు చెఱయో, మార్పొకటికి అయిదువేల రూపాయల జరిమానాయో విధింపవచ్చును. ఊరిని చెవిటిదానిని చేయు సైలెన్సర్లను విశాఖ పోలీసులు రోడ్డు రోలరు క్రింద నలిపించినపుడు నేను సంతోషించినవారిలో ఒకడను. కాని ఒకటిన్నర యంగుళము ఎత్తు చేసిన హ్యాండిలు మూలస్వరూపమును మార్చునా? కుట్టించిన సీటు మార్చునా? రోడ్డుమీద ఆపిన అధికారి ఔనన్నచో ఔను, కాదన్నచో కాదు. వికలాంగుల కొఱకు వాహనమును వారి దేహమునకు అనుకూలముగా మార్చుకొను వీలును 2019 సవరణ కల్పించినది. దేహమును బట్టి బండి యను సూత్రమును చట్టమే ఒప్పుకొన్న పిదప, మోకాలు అరిగిన అరువదేండ్ల ఉపాధ్యాయునికి ఆ సూత్రమును ఎంతవరకు వర్తింపజేయవచ్చునో స్పష్టముగా వ్రాసి, ఇవి అనుమతితో పనిలేనివి, ఇవి అనుమతి పొందవలసినవి, ఇవి నిషిద్ధములు అని రెండు తెలుగు రాష్ట్రముల రవాణాశాఖలు తెలుగులో ఒక పట్టిక ప్రకటించి, ప్రతి షోరూములోను గోడకు తగిలింపించుట వారికి కష్టమగు పని కాదు.

తయారీదారుల బాధ్యత దీని కంటె పెద్దది. రాయల్ ఎన్‌ఫీల్డ్‌వారు హిమాలయన్ 450కి సీటును 825 మిల్లీమీటర్ల యెత్తుననో 845 మిల్లీమీటర్ల యెత్తుననో పెట్టుకొను ఏర్పాటు చేసిరి. కొండలెక్కుటకు సెలవు పెట్టి పోవువానికి దొరకిన ఈ వెసులుబాటు, సంవత్సరము పొడుగున పాలక్యానులతో తిరుగువానికి ఏల దొరకరాదు? రెండు ఎత్తుల సీటును, రెండు మూడు తీరుల హ్యాండిలును కంపెనీయే పరీక్షించి, అనుమతి పొంది, కొనునపుడే ఎంచుకొనుమని చూపినచో, కేబులు కొలత తప్పుననియు, పోలీసు ఆపుననియు భయపడు పని యుండదు. ధర పెరుగునని వారు చెప్పుదురు. సీటు క్రింద మఱియొక వరుస రంధ్రములకును, హ్యాండిలు క్రింద ఒక లోహపు దిమ్మకును అగు వ్యయము, అదే బండిని కొత్త బండిగా అమ్ముటకు ఏటేట మార్చు స్టిక్కర్ల వ్యయముతో పోల్చినచో, కర్మాగారపు లెక్కల గుమాస్తా దానిని వేరు పద్దుగా వ్రాయుటకైనను ఇష్టపడడు.